అద్దకము ఎవరి సొత్తు?

బందరు కలంకారి యనగా మనకు పెడనలో ఆరవేసిన రంగుల వస్త్రములు స్ఫురించును. ఇట్టి అద్దకముపై ఒకప్పుడు ఇంగ్లండులో పేటెంటు పుట్టినదని మనలో కొలదిమందియే యెరుగుదురు.

మన తీరపు అద్దకపువారు గుడ్డను కరక్కాయ నీటిలో ముంచి ఆరవేసి, పటికనీటిని చెక్క అచ్చులతోనో కలముతోనో అద్ది, చిరివేరుతో కాచెడివారు. పటిక సోకినచోట ఎరుపు నిలిచెడిది. తక్కినచోట ఉతుకులో పోయెడిది. ఇనుపతుక్కును బెల్లపునీటిలో ఊరబెట్టి నలుపు తీసెడివారు. రంగును గుడ్డపై పూయుటగాక గుడ్డలో నిలుపుటయే ఇందలి రహస్యము. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో వర్తకస్థానము నెలకొల్పెను. ఉతికినను వెలవెలబోని మన తీరపు వస్త్రములకు ఐరోపాలో క్రమముగా గిరాకి పెరిగెను.

1676లో విలియం షెర్విన్ అనువాడు ఇంగ్లండులో పదునాలుగేండ్ల పేటెంటు పొందెను. వెడల్పు గుడ్డలపై రోలరు యంత్రముతో అద్దు క్రొత్త విధానము తనదని చెప్పుకొనుచు, తూర్పు ఇండియా అద్దకమునకు ఇదియే అసలైన పద్ధతియని కూడ అందు చేర్చెను. ఇండియాలో తరతరములుగా నున్నది క్రొత్తది యెట్లగును?

దీనికి సమాధానము 1624 నాటి ఇంగ్లండు శాసనమున నున్నది. ఆ రాజ్యమున క్రొత్తవైన తయారీలకు మాత్రమే అది పేటెంటు నొసగెను. ‘ఆ రాజ్యమున’ అను మాటయే కీలకము. ఆ శతాబ్ది చివరి దశాబ్దమున ఎడ్జ్‌బెరీ, స్టీఫెన్స్ అనువారి వ్యాజ్యములో న్యాయస్థానము ఆ మాటకు అర్థము తేల్చెను: సముద్రము కావల వాడుకలో నున్నను, ఇంగ్లండులో లేనిచో అది క్రొత్తదియే, స్వయముగా కనుగొన్నవాడును, దేశాటనమున నేర్చి తెచ్చినవాడును సమానులే. ఈ లెక్కలో మొదట కనిపెట్టిన అద్దకపువానికి తావే లేదు.

కాలము మారినది. గాయములు మాన్పుటకు పసుపు వాడుకపై 1995లో అమెరికా యిచ్చిన పేటెంటు, మన శాస్త్ర పరిశోధనా మండలి అభ్యంతరముతో 1997లో రద్దయ్యెను. మన 1970 నాటి పేటెంట్ల చట్టము, 2002 సవరణ మూలమున, సంప్రదాయ విజ్ఞానము ఆవిష్కరణ కాదని చెప్పుచున్నది. 1999 నాటి చట్టము క్రింద మచిలీపట్నం కలంకారికి భౌగోళిక గుర్తింపు లభించినది.

అయితే ఈ గుర్తింపు కాపాడునది పేరును మాత్రమే. అచ్చుతో, పటికతో దినములకొలది శ్రమించి తీసిన నమూనాను యంత్రము గంటలలో వేయగలదు. దానిని వేరు పేరున అమ్మినచో ఈ గుర్తింపు అడ్డదు. కావున కొనునప్పుడు ఇది అచ్చుపనియా, యంత్రపు పనియా యని మన మడుగుట మంచిది. పెడన పనివారి జీవనము చాలవరకు ఆ ప్రశ్నపై నిలిచియున్నది.