గజముఖుని చేతి అంకుశము

వినాయక చవితికి మా గూడూరు బజారులో మట్టి విగ్రహమును బేరమాడువారు అంతగా గమనింపని వింత యొకటి కలదు: ఏనుగు తలగల దేవుడు ఏనుగును అదుపుచేయు అంకుశమును తన చేతనే ధరించియున్నాడు. పాశముతోగూడ అది లలితాదేవి చేతను గలదు. ఆమె సహస్రనామములయందు క్రోధమే అంకుశమని చెప్పబడినది. వస్తువు మాత్రము చిన్నది. పిడి, కొసన సూదిమొన, ప్రక్కన కొక్కెము. మొనతో పొడిచి ముందుకు నడుపుదురు, కొక్కెముతో లాగి నిలుపుదురు.

కౌటిల్యుడు ఏనుగు ఉపకరణములలో అంకుశమును, వెదురుకర్రను పేర్కొని, కళింగాంగ దేశముల గజములే ఉత్తమములని నిర్ణయించెను. అయినను నా మనసును దోచినది అమరావతి శిల్పి. బుద్ధుని దాయాదియగు దేవదత్తుడు ఆయనపైకి ఉసికొల్పిన నాళాగిరి యను మదపుటేనుగు గాథను, ఇప్పుడు చెన్నపట్నపు మ్యూజియమునందున్న గుండ్రని శిలాఫలకమున అతడు చెక్కినాడు. ఒకే వలయములో ఒకే ఏనుగు రెండుమార్లు కనబడును: ఒకచోట వీథిలో జనమును చెండాడుచు, వేరొకచోట తథాగతుని పాదములకడ మోకరిల్లి. భయముతో ఒక స్త్రీ ప్రక్కవానిని పట్టుకొన్నది. గవాక్షములనుండి జనులు తొంగిచూచుచున్నారు. ఆ మదమును అణచినది మైత్రియేగాని ఇనుము కాదు. దోపిడిదొంగయై యుండి భిక్షువైన అంగుళిమాలుడును, కొందరు కర్రతో, అంకుశముతో, కొరడాతో లొంగదీయుదురుగాని తాను ఆయుధము లేకయే దాంతుడనైతినని పాలి గ్రంథములయందు చెప్పుకొనును.

నడుమ శతాబ్దములను దాటి మన సీమకు వత్తము. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి మరుసటియేట గైకొన్న ఉదయగిరి గజపతుల దుర్గము. ఆ రాజులతోపాటు గజశాలలు పోయినవి. చెవుల వెనుక కాలివ్రేళ్ళ ఒత్తిడితోనే ఏనుగునకు తన మాట తెలుపగల మావటివారి విద్యయు చాలవరకు పోయినది. కోట రాయి మిగిలినది, తండ్రి కొడుకునకు నేర్పిన ఆ విద్య మిగులలేదు. ఇదే నాకు పెద్ద నష్టముగా తోచును. విద్య సన్నగిల్లినచోట ఇనుమునకు పని పెరుగును.

ఏనుగుపై అంకుశమును వాడదగునా అను నేటి వివాదమునకు మూలమిదియే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2016లో శాసనముచేసి 2018 నుండి ఏనుగులపై అంకుశప్రయోగమును నిషేధించెను. మన దేశమున జంతుహింసా నివారణ చట్టము 1960 నుండియు ఉన్నది. ఇక 2025 మే నెలలో కర్ణాటకము మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు, మచ్చికచేసి శిక్షణనిచ్చిన నాలుగు కుంకీ ఏనుగులను ఒసగినది. పలమనేరు ప్రాంతపు పంటపొలములపై బడు అడవిఏనుగులను మరల్చుట వాని పని. వానిని నడుపు మావటివారికి తగిన జీతమును, ఏండ్లతరబడి శిక్షణయు ఈయుడని ప్రభుత్వమును వేడుచున్నాను. అంకుశము దేవుని చేతిలోను, మ్యూజియములోను ఉన్న చాలును.