అమ్మే ముందు రాసిపెట్టాల్సిన కారణం: ఆయుధ ఎగుమతులు, మానవహక్కులు, మన చట్టంలోని ఖాళీ

సౌదీ అరేబియాకు ఆయుధాలు అమ్మడం తప్పని లండన్‌లోని అప్పీలు కోర్టు 2019 జూన్ 20న చెప్పలేదు. అలా చెప్పిందన్న అభిప్రాయం బాగా ప్రచారంలో ఉంది కాబట్టి ఈ ముక్క ముందే చెప్పుకోవాలి. కోర్టు పట్టుకున్నది అంతకంటే చిన్న విషయం. యెమెన్‌లో సౌదీ కూటమి జరిపిన వైమానిక దాడుల్లో యుద్ధ నియమాలు గతంలో ఉల్లంఘనకు గురయ్యాయా లేదా అన్న ప్రశ్నపై బ్రిటన్ ప్రభుత్వం ఒక నిర్ధారణకు రాలేదు, వచ్చే ప్రయత్నమూ చేయలేదు. జరిగినదాన్ని తూచకుండా జరగబోయేదాని ముప్పును అంచనా వేయడం హేతుబద్ధం కాదు, అందువల్ల చట్టబద్ధమూ కాదు అని ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు.

హక్కుల ఉల్లంఘన ఆరోపణలున్న దేశాలకు ఆయుధాల అమ్మకాన్ని ప్రభుత్వాలు కట్టడి చేయాలా అన్న చర్చ సాధారణంగా నీతికీ లాభానికీ మధ్య పోరుగా సాగుతుంది. కట్టడి చేయాలన్నదే ఈ వ్యాసం పక్షం. అయితే ఆ కట్టడికి బలం వచ్చేది నిషిద్ధ దేశాల జాబితా నుంచి కాదు. ప్రతి లైసెన్సుకూ ముప్పును అంచనా వేసి, కారణం రాసిపెట్టి తీరాలన్న చట్టపరమైన బాధ్యత నుంచి. ఆ బాధ్యత ఉన్నచోట న్యాయస్థానం కనీసం ప్రశ్న అడగగలుగుతుంది. లేనిచోట ఏమవుతుందో 2024లో మన సుప్రీంకోర్టులోనే కనిపించింది.

ముందు బ్రిటన్ సంగతి. అక్కడి 2002 ఎగుమతి నియంత్రణ చట్టం కింద ప్రభుత్వం లైసెన్సు ప్రమాణాలను పార్లమెంటు ముందు ప్రకటించింది. అందులో రెండో ప్రమాణం ప్రకారం, అమ్మబోయే సరుకు అంతర్జాతీయ మానవతా చట్టపు తీవ్ర ఉల్లంఘనలో వాడవచ్చన్న ‘స్పష్టమైన ముప్పు’ ఉంటే లైసెన్సు ఇవ్వకూడదు. ఇక్కడ కావాల్సింది రుజువైన నేరం కాదు, ముప్పు. ఈ తేడా ముఖ్యం. ఆరోపణ మాత్రమే కదా, నేరం తేలనివ్వండి అనే వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అమ్మిన బాంబు పేలిపోయాక తేలే నేరం లైసెన్సు అధికారికి ఎందుకూ పనికిరాదు. 2016 అక్టోబరు 8న యెమెన్ రాజధాని సనాలో అంత్యక్రియలు జరుగుతున్న హాలుపై సౌదీ కూటమి బాంబులు పడి 140 మంది దాకా చనిపోయారు. 2018 ఆగస్టు 9న దహ్యాన్‌లో బడిపిల్లల బస్సుపై జరిగిన దాడిలో 40 మంది పిల్లలు మరణించారు. ఈ రెండు తేదీల మధ్య, అంటే 2017 జులైలో, లండన్ హైకోర్టు ప్రభుత్వ విధానం సరైనదేనంది. ఆ తీర్పు తప్పని పై కోర్టు చెప్పడానికి మరో రెండేళ్లు పట్టింది.

తరువాతి కథ అంత ఉత్సాహకరంగా లేదు. పునఃసమీక్ష చేశామని, ఉల్లంఘనలు జరిగి ఉండవచ్చు గానీ అవి విడివిడి ఘటనలే తప్ప ఒక ధోరణి కాదని 2020 జులైలో వాణిజ్య మంత్రి లిజ్ ట్రస్ ప్రకటించారు. లైసెన్సులు మళ్లీ మొదలయ్యాయి. దానిపై వేసిన రెండో కేసును 2023 జూన్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆధారాల్లో కొంత భాగాన్ని రహస్య విచారణలోనే పరిశీలించారు. కారణం రాయాలన్న నియమం ఉంటే చాలదని, రాసిన కారణం ఎంత పలచగా ఉన్నా చెల్లిపోవచ్చని ఇది చూపిస్తుంది. ఆ లోపాన్ని దాచిపెట్టి నియమాన్ని పొగడలేం. అయినా లాభం బొత్తిగా లేకపోలేదు. సౌదీ కూటమికి యెమెన్‌లో వాడగల సరుకుపై దాదాపు ఏడాదిపాటు కొత్త లైసెన్సులు ఆగాయి. ‘విడివిడి ఘటనలు’ అన్న మాటకు ఒక మంత్రి సంతకం పెట్టి బాధ్యత వహించాల్సి వచ్చింది. అమెరికాలో ఆ పాటి అడ్డంకి కూడా నిలవలేదు. 2019 మేలో ట్రంప్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి పేరుతో కాంగ్రెస్‌ను పక్కనపెట్టి సౌదీ తదితర దేశాలకు సుమారు 810 కోట్ల డాలర్ల అమ్మకాలకు దారి చేసింది. వాటిని ఆపే తీర్మానాలు నెగ్గితే అధ్యక్షుడు వీటో చేశారు.

‘మనం అమ్మకపోతే మరొకరు అమ్ముతారు’ అన్నది ఈ రంగంలో అన్నిటికంటే పాత సమాధానం. రైఫిళ్ల విషయంలో అది చాలావరకు నిజం. యుద్ధ విమానాల విషయంలో కాదు. సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ హత్య తరువాత జర్మనీ 2018 నవంబరులో సౌదీకి ఆయుధాలు ఆపేసింది. బ్రిటన్ సౌదీకి అమ్మిన యూరోఫైటర్, టోర్నడో విమానాల్లో జర్మన్ భాగాలున్నాయి. అవి రాకపోతే తమ ఒప్పందాలు నిలబడవని బ్రిటన్ విదేశాంగ మంత్రి జెరెమీ హంట్ 2019 ఫిబ్రవరిలో బెర్లిన్‌కు లేఖ రాయాల్సి వచ్చింది. నిజంగా ఎవరైనా ఆ స్థానాన్ని భర్తీ చేయగలిగితే ఆ లేఖ అవసరమే ఉండేది కాదు. నేటి సంక్లిష్ట ఆయుధాన్ని ఒకసారి అమ్మితే సరిపోదు. విడిభాగాలు, మరమ్మతులు, మందుగుండు ఏళ్ల తరబడి అందుతూ ఉండాలి. అమ్మినవాడి పట్టు అక్కడ ఉంటుంది.

దక్షిణాఫ్రికా ఉదాహరణను ఇరుపక్షాలూ వాడుకుంటాయి. 1977 నవంబరు 4న భద్రతా మండలి 418వ తీర్మానంతో ఆయుధ నిషేధాన్ని తప్పనిసరి చేసింది. వర్ణవివక్ష ప్రభుత్వం ఆర్మ్‌స్కోర్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా సొంత పరిశ్రమను పెంచుకుంది. దాని జీ-5 ఫిరంగి ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. నిషేధం విఫలమైందనేవారు ఇక్కడే ఆగిపోతారు. అదే దేశపు సైన్యం 1987-88లో అంగోలాలో క్యూబన్ మిగ్-23లను ఎదుర్కొన్నప్పుడు దాని మిరాజ్ విమానాలకు వయసు మీరింది, కొత్తవి కొనే దారి లేదు. ఫిరంగిని ఇంట్లో చేసుకోగలిగారు గానీ విమానాన్ని చేసుకోలేకపోయారు.

భారతదేశం ఈ చర్చలోకి చాలాకాలం కొనుగోలుదారుగానే వచ్చింది. 1965 యుద్ధంలో అమెరికా ఉపఖండానికి ఆయుధాలు ఆపింది. 1998 పోఖ్రాన్ పరీక్షల తరువాత తేలికపాటి యుద్ధ విమానం మీద అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజనీర్లను వెనక్కి పంపేశారు. ఈ అనుభవాలు ఢిల్లీ ఆలోచనలో లోతుగా నాటుకున్నాయి. 2013 ఏప్రిల్ 2న ఐక్యరాజ్యసమితిలో ఆయుధ వ్యాపార ఒప్పందం 154 ఓట్లతో నెగ్గినప్పుడు భారత్ ఓటింగుకు దూరంగా ఉంది. ఎగుమతి దేశాలు దీన్ని దిగుమతి దేశాలపై ఏకపక్షంగా ప్రయోగిస్తాయన్నది మన అభ్యంతరం. అప్పట్లో అది సబబైన భయమే. కానీ 2013-14లో 686 కోట్ల రూపాయలున్న మన రక్షణ ఎగుమతులు 2024-25లో 23,622 కోట్లకు చేరాయి. కొనేవాడి అభ్యంతరాన్ని అమ్మేవాడు పట్టుకు వేలాడటం ఎంతకాలం చెల్లుతుంది?

హైదరాబాద్‌లో అదానీ, ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్‌ల ఉమ్మడి సంస్థ 2018 డిసెంబరులో డ్రోన్ల కేంద్రాన్ని ప్రారంభించింది. ఇజ్రాయెల్ బయట హెర్మెస్ 900 తయారీకి అదే మొదటి కేంద్రం. గాజా యుద్ధం మొదలయ్యాక ఇక్కడి ఎగుమతుల గురించి పత్రికల్లో వార్తలొచ్చాయి. మాజీ ఉన్నతాధికారులు, విద్యావేత్తలు కలిసి ఇజ్రాయెల్‌కు లైసెన్సులు ఆపాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 సెప్టెంబరు 9న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం పిటిషన్‌ను కొట్టివేసింది. విదేశాంగ విధానం ప్రభుత్వ పరిధి, ఇజ్రాయెల్ సార్వభౌమ దేశం కాబట్టి దాని చర్యలపై నిర్ధారణకు రావడం ఈ కోర్టు పని కాదు, కంపెనీల ఒప్పందాలకు భంగం కలుగుతుంది అన్నవి కారణాలు. లండన్ కోర్టు కూడా సౌదీని విచారించలేదు. తన సొంత ప్రభుత్వం అంచనా వేసిందా అని మాత్రమే అడిగింది. ఢిల్లీలో ఆ ప్రశ్న అడగడానికి ఆధారమయ్యే ప్రమాణం చట్టంలో స్పష్టంగా లేదు. ధర్మాసనాన్ని తప్పుపట్టే ముందు పార్లమెంటునే తప్పుపట్టాలని నాకనిపిస్తుంది.

‘స్పష్టంగా’ అన్నది కావాలనే వాడాను. ఎగుమతికి లైసెన్సు తప్పనిసరైన సైనిక, ద్వంద్వ వినియోగ వస్తువుల ‘స్కోమెట్’ జాబితాలోని సరుకుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు చూడాల్సిన అంశాల్లో కొనేవాడి విశ్వసనీయత, ఉగ్రవాదుల చేతికి పోయే ప్రమాదం, దేశ భద్రత ఉన్నాయి. మానవహక్కుల మాట లేదు. అయితే భారత్ భాగస్వామిగా ఉన్న అంతర్జాతీయ ఒప్పందాలు వర్తిస్తాయా అని చూడాలన్న అంశం కూడా వాటిలో ఉంది. మనం జెనీవా ఒప్పందాల్లో, జాతిహననాన్ని నిషేధించే ఒప్పందంలో భాగస్వాములం. జెనీవా ఒప్పందాల మొదటి అధికరణం వాటిని పాటించడమే కాదు, పాటించేలా చూడాలని కూడా అంటుంది. ఆయుధాల బదిలీకి సంబంధించిన అంతర్జాతీయ బాధ్యతలను అన్ని దేశాలకూ గుర్తుచేస్తున్నామని 2024 ఏప్రిల్ 30న, నికరాగ్వా జర్మనీపై వేసిన కేసులో, అంతర్జాతీయ న్యాయస్థానం ప్రత్యేకంగా రాసింది. అంటే కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. ఇప్పటికే ఉన్న ఆ అంశాన్ని రక్షణ ఉత్పత్తి విభాగం ఎలా అన్వయిస్తుందో ఒక మార్గదర్శకంగా ప్రకటిస్తే చాలు, పరిశీలనకు వీలు చిక్కుతుంది.

అంతకంటే ముందు కావాల్సింది లెక్క. బ్రిటన్ ప్రభుత్వం ఏ దేశానికి ఏ రకం లైసెన్సులు ఇచ్చిందో మూడు నెలలకోసారి బయటపెడుతుంది. ఏ లైసెన్సులను ప్రశ్నించాలో ఆ గణాంకాలతో తెలుస్తుంది. మన 23,622 కోట్లలో ప్రైవేటు రంగం వాటా 15,233 కోట్లు, ప్రభుత్వ సంస్థల వాటా 8,389 కోట్లు అని రక్షణ శాఖ ప్రకటన చెబుతుంది. దాదాపు 80 దేశాలకు వెళ్లిందనీ అంటుంది. ఏ దేశానికి ఎంత వెళ్లిందో అందులో లేదు.