నీలి బాన పుట్టుపూర్వోత్తరాలు

చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు: ఇదంతా నల్లరేగడి, పత్తి సీమ. పత్తి వెంట నూలు, నూలు వెంట అద్దకం. అద్దకపు రంగుల్లో మొండిది నీలిమందు. అది నీళ్లలో కరగదు, కరగనిదే నూలులోకి దిగదు.

దక్షిణాది అద్దకంవాళ్లు దాన్ని లొంగదీసిన తీరు అద్భుతం. బానలో నీలిమందు, సున్నం, చౌడుమన్ను వేసి, ఉడికించిన తగిరిస గింజలు కలిపి రోజుల తరబడి పులియబెట్టేవారు. గింజల పిండిని తిన్న సూక్ష్మజీవులు ఎలక్ట్రాన్లను వదులుతాయి. ఒక్కో నీలి అణువు రెండేసి పుచ్చుకుని నీలం పోగొట్టుకుంటుంది, సున్నపు నీళ్లలో కరిగిపోతుంది. ఇదే క్షయకరణం. బాన మీద రాగిరంగు తెట్టు, కింద పసుపుపచ్చని నీళ్లు కనిపిస్తే అదును వచ్చినట్టే. ముంచి తీసిన నూలు మొదట ఆకుపచ్చగా ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను లాగేసుకోగానే కళ్లముందే నీలమవుతుంది. మళ్లీ కరగని రంగు పోగులోపలే చిక్కుకుంటుంది. ఎలక్ట్రాన్ అన్న ఊహే లేని కాలంలో, కంటితో, ముక్కుతో దాని రాకపోకలను నడిపిన వాళ్లను నేను రసాయన నిపుణులనే అంటాను.

19వ శతాబ్దంలో కడప, కర్నూలు జిల్లాల నీలిమందు మద్రాసు మీదుగా విదేశాలకు వెళ్లేది. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టింది. జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిందీ ఆ ఏడాదే. ఆ తర్వాత ఇక్కడి నీలి చేలు క్రమంగా మాయమయ్యాయి.

చేను పోయినా బాన అవసరం పోలేదు. ఫ్యాక్టరీ నీలిదీ అదే అణువు, అదే మొండితనం. మారింది ఎలక్ట్రాన్లిచ్చే క్షయకరణి ఒక్కటే: పులిసిన గింజల చోట సోడియం డైథయోనైట్, చేనేతవాళ్ల మాటలో హైడ్రోస్. దానికి కాస్టిక్ సోడా తోడైతే రోజుల పని నిమిషాల్లో తెములుతుంది. 1901లో రసాయన శాస్త్రవేత్త రెనే బోన్ కనిపెట్టిన ఇండాంత్రీన్ రంగు మొదలు వ్యాట్ (అంటే బాన) రంగులన్నీ ఈ దారినే నూలెక్కుతాయి.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టేనాటికే ఈ రసాయనం ప్రపంచమంతా పాకింది.

ఈ సీమ సైన్సు మాస్టర్లకు ఒక మనవి. ఆక్సీకరణం, క్షయకరణం పాఠం వచ్చిన రోజున పిల్లలను అద్దకం జరిగేచోటికి తీసుకెళ్లండి, నూలు రంగు మారడం చూపించండి. హైడ్రోస్ డబ్బాను మాత్రం తాకనివ్వకండి. తడి తగిలితే అది వేడెక్కి తనంత తానే అంటుకుంటుంది.