ఇంటర్‌కూలర్ మీద నీటి జల్లు: పుట్టుపూర్వోత్తరాలు

సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ కార్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న బటన్ ఉండేది. దాన్ని నొక్కితే డిక్కీలోని ట్యాంకు నుంచి నీళ్ళు సన్నటి గొట్టంలో ముందుకొచ్చి, బానెట్ కింద ఇంజన్ నెత్తిన కూర్చున్న ఇంటర్‌కూలర్ మీద జల్లుగా పడేవి. ముందు అద్దం కడగడానికి నీళ్ళు చిమ్మడం అందరూ ఎరిగిందే. ఇంజన్ బలం తగ్గకుండా చూడటానికి నీళ్ళు చల్లాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది? కార్ల కంపెనీ చేసిన ఆ పనిని మామూలు కారు యజమానులు ఇంటి దగ్గర, తక్కువ ఖర్చుతో, కొన్ని విషయాల్లో ఇంకా మెరుగ్గా ఎలా చేసుకోగలిగారు?

వేడితో మొదలైన తంటా

ఇంజన్ వదిలే పొగలోని శక్తితో చిన్న చక్రాన్ని తిప్పి, దానితో ఇంజన్‌కు గాలిని ఒత్తిడి మీద అందించే పద్ధతికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అదే టర్బో. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజన్‌ను 14,000 అడుగుల పైచిలుకు ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి ఎక్కించి పరీక్షించాడు. సముద్రమట్టం దగ్గర 350 గుర్రాల బలమున్న ఆ ఇంజన్ కొండ మీద 230కి పడిపోయింది. టర్బో బిగించగానే 356కి చేరింది. గాలి పల్చగా ఉన్నచోట కూడా ఇంజన్‌కు ఊపిరి అందించవచ్చని ఆ కొండ మీద తేలిపోయింది.

గాలిని నొక్కితే మాత్రం వేడెక్కక తప్పదు. 30 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, ఏ నష్టమూ లేని కంప్రెసర్ అయినా దాన్ని 96 డిగ్రీలకు తీసుకెళ్తుంది. 70 శాతం సామర్థ్యంతో పనిచేసే మామూలు టర్బోలో అది 125 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పల్చన. అందులో ఆక్సిజన్ తక్కువ. పైగా పెట్రోలు ఇంజన్‌లో మంట తన సమయానికి ముందే ఎక్కడపడితే అక్కడ అంటుకుని పిస్టన్లను బాదేస్తుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే.

అందుకే టర్బోకూ ఇంజన్‌కూ మధ్య, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో బీ-17 బాంబర్లకు అది రెక్కల్లో ఉండేది. పీ-38 ఫైటర్‌లో మొదట రెక్కల ముందు అంచునే ఇంటర్‌కూలర్‌గా వాడారు. ఇంజన్ బలం పెరిగేసరికి ఆ చోటు చాలలేదు. 1943 నాటి పీ-38జే మోడల్‌లో దాన్ని ఇంజన్ గడ్డం కిందికి మార్చారు. రోడ్డు మీది కార్ల దగ్గరికొస్తే, పోర్షే 911 టర్బో 1975లో ఇంటర్‌కూలర్ లేకుండానే 260 గుర్రాల బలంతో వచ్చింది. 1978లో ఇంజన్‌ను 3.3 లీటర్లకు పెంచి, ఇంటర్‌కూలర్ తగిలించి, 300కి చేర్చారు.

ఇంజన్ లోపలికి పోసిన నీళ్ళు

నీటితో చల్లబరచాలన్న ఆలోచన అంతకన్నా పాతది. కేంబ్రిడ్జ్ ఆచార్యుడు బెర్ట్రమ్ హాప్‌కిన్సన్ 1913 నాటికే గ్యాస్ ఇంజన్ సిలిండర్‌లోకి నేరుగా నీళ్ళు చిమ్మి చల్లబరిచే పద్ధతిని వివరించాడు. యుద్ధకాలంలో పీ-47 థండర్‌బోల్ట్ వంటి విమానాలు అత్యవసర సమయంలో ఇంజన్‌లోకి నీళ్ళు చిమ్ముకుని అదనపు బలం తెచ్చుకున్నాయి. జర్మన్లు నీళ్ళూ మిథనాలూ కలిపిన ఎండబ్ల్యూ-50 ద్రవాన్ని వాడారు.

ఈ పద్ధతి 1962లో రోడ్డెక్కింది. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారులో టర్బోతోపాటు, నీళ్ళూ మిథనాలూ కలిపిన "టర్బో రాకెట్ ఫ్లూయిడ్"కు ఒక ప్రత్యేక ట్యాంకు పెట్టారు. నాకింగ్‌ను ఆపే భారమంతా ఆ ద్రవం మీదే పడింది. చాలామంది యజమానులు ట్యాంకు నింపడం మరిచిపోయారు. ద్రవం అయిపోతే బూస్ట్, అంటే టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి, దానంతటదే తగ్గిపోయే ఏర్పాటున్నా, కొన్నాక బలం లేదని జనం విసుక్కున్నారు. రెండేళ్ళకే ఆ కారు ఆగిపోయింది.

జెట్‌ఫైర్ నేర్పిన పాఠం ఒకటుంది. ప్రాణం నిలిపే పని అరువు ద్రవానికి అప్పగిస్తే, ఆ ద్రవం అయిపోయిననాడు బండి కుంటుతుంది. ఇంటర్‌కూలర్ మీద బయటినుంచి చల్లే నీటితో ఆ బెంగ లేదు. అది ఇంజన్ లోపలికి పోదు. ట్యాంకు ఖాళీ అయితే బండి కంపెనీ ఇచ్చిన మామూలు బండిగా నడుస్తుంది, అంతే. ఇంట్లో చేసుకునేవాళ్ళు ధైర్యంగా చెయ్యి పెట్టగలిగింది ఇందుకే.

రీనో నుంచి ర్యాలీ దాకా

బయటినుంచి చల్లే పద్ధతిని తెగించి వాడినవాళ్ళలో అమెరికా విమాన పందెగాళ్ళు ముందుంటారు. నెవాడాలోని రీనోలో 1964 నుంచి 2023 వరకు జరిగిన పోటీల్లో పాత పీ-51 మస్టాంగ్ విమానాలు, చిన్న రేడియేటర్ మీద నీళ్ళు చిమ్మే స్ప్రే బార్లతో పరిగెత్తాయి. రేడియేటర్ చిన్నదైతే గాలి ఆపుదల తగ్గుతుంది, తగ్గిన చల్లదనాన్ని నీళ్ళు పూరిస్తాయి.

కార్లలో దీనికి ఊపు తెచ్చింది ప్రపంచ ర్యాలీ పోటీ. అప్పట్లో గ్రూప్-ఎ అనే తరగతి నిబంధన ప్రకారం పోటీకి దింపే కారును కంపెనీ నిర్ణీత సంఖ్యలో జనానికి కూడా అమ్మాల్సి ఉండేది. 1990ల నడుమ ఆ లెక్క 2,500 కార్లు. దాంతో పోటీకి కావలసిన పరికరాలు అమ్మకపు కార్లలోకే వచ్చేశాయి. 1994లో వచ్చిన టొయోటా సెలికా జీటీ-ఫోర్ ర్యాలీ రూపంలోనూ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్‌లో పలు తరాల్లోనూ, ఇంప్రెజాలోనూ నీటి జల్లు ఇలాగే చోటు చేసుకుంది. ర్యాలీలో మలుపుల దగ్గర వేగం తక్కువ, బూస్ట్ ఎక్కువ. తాకే గాలి చాలని ఆ క్షణాల్లోనే నీళ్ళ అవసరం.

ఎన్ని నీళ్ళు కావాలి?

మట్టి కూజాలో నీళ్ళు చల్లబడేది పైకి ఊరిన తడి ఆవిరైపోవడం వల్ల. ఇక్కడ జరిగేదీ అదే. ఒక గ్రాము నీరు 30 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే తీసుకునే వేడి సుమారు 125 జౌళ్ళు. అదే గ్రాము ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ళు లాక్కుపోతుంది. అంటే కారి నేలపాలైన చుక్క చేసేదానికి దాదాపు ఇరవై రెట్లు పని, ఆవిరైన చుక్క చేస్తుంది.

లెక్క వేద్దాం. 2 లీటర్ల టర్బో ఇంజన్ పూర్తి బలంతో పనిచేసేటప్పుడు సెకనుకు ఉజ్జాయింపుగా 200 గ్రాముల గాలి పీలుస్తుంది. ఆ గాలిని మరో 10 డిగ్రీలు చల్లబరచాలంటే 2 కిలోవాట్ల వేడి తీసెయ్యాలి. చల్లిన ప్రతి చుక్కా ఆవిరైతే ఇందుకు నిమిషానికి 50 మిల్లీలీటర్లు చాలు. ఒక చిన్న టీ కప్పుకన్నా తక్కువ! ఆ 10 డిగ్రీలతో గాలి సాంద్రత 3 శాతం పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, నాకింగ్ భయంతో ఇంజన్ కంప్యూటర్ మంట సమయాన్ని వెనక్కి జరపాల్సిన పని తగ్గుతుంది.

షెడ్డులో పుట్టిన తెలివి

ఈ లెక్కను ఇంటి పనిముట్లతో నిరూపించినవాళ్ళలో ఆస్ట్రేలియా మోటారు రచయిత జూలియన్ ఎడ్గర్ ఒకరు. ఇంటర్‌కూలర్ లోహం తానే కొంత వేడిని దాచుకుని, తరవాత మెల్లగా వదులుతుందని ఆయన నొక్కి చెప్పాడు. ఊళ్ళో రెండు క్షణాలు యాక్సిలరేటర్ తొక్కి వదిలితే ఆ లోహమే సర్దుకుంటుంది. నీళ్ళు కావలసింది ఎడతెగని బూస్ట్ ఉన్నప్పుడు, ఇంటర్‌కూలర్ నిజంగా కాగినప్పుడు. ఇంప్రెజా బటన్ ఆ నిర్ణయాన్ని డ్రైవరు వేలికి వదిలేసింది. ఇంట్లో చేసుకునేవాళ్ళు దాన్ని ఉష్ణోగ్రత స్విచ్‌కూ బూస్ట్ స్విచ్‌కూ కలిపి అప్పగించారు. రెండూ ఒప్పుకుంటేనే రిలే కలుస్తుంది, పంపు తిరుగుతుంది.

రెండో మెరుగు నాజిల్‌లో వచ్చింది. అద్దం కడిగే వాషర్ నాజిల్ నీళ్ళను తీగలా కొడుతుంది. ఆ తీగ ఇంటర్‌కూలర్ ఫిన్స్‌ను (పల్చటి లోహపు రేకులను) తాకి, సగం వెనక్కి చింది, సగం కిందికి కారిపోతుంది. తోటల్లో వాడే మిస్ట్ నాజిల్ పెడితే నీరు పొగమంచులా విడిపోయి ఫిన్స్‌ మధ్యకు వెళ్ళి అక్కడే ఆరిపోతుంది. అయితే వాషర్ మోటారుకు మిస్ట్ నాజిల్‌ను నెట్టేంత ఒత్తిడి లేదు. అందుకు డయాఫ్రమ్ పంపు కావాలి. మన మిరప, పత్తి చేలలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండేది సరిగ్గా ఇలాంటి 12 వోల్టుల పంపే. మందు కొట్టిన పంపు కాకుండా, కొత్తది విడిగా కొని వాడాలి. పంపు ఆగాక నాజిల్ కారకుండా చుక్క ఆపే వాల్వు, పంపు తీగకు ఒక ఫ్యూజు తప్పనిసరి. నీళ్ళు బ్రేకుల మీద, టర్బో మీద పడకుండా నాజిల్ మొహం చూసుకోవాలి.

మన ఎండలో, మన నీళ్ళతో

రాయలసీమలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ 23, 24 డిగ్రీలు చూపిస్తుంది. విశాఖలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున అదే థర్మామీటర్ 30 దగ్గర ఆగుతుంది. కాగిన ఇంటర్‌కూలర్ మీద ఎక్కడైనా నీరు ఆవిరవుతుంది కానీ, పొడి గాలి ఉన్నచోట లాభం బాగా ఎక్కువ.

నీళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త. ఉప్పు శాతం ఎక్కువున్న బోరు నీళ్ళు చల్లితే, నీరు ఆరి, ఉప్పు ఫిన్స్‌కు పట్టుకుని తెల్లటి పొర కడుతుంది. కొన్నాళ్ళకు ఆ పొరే గాలికి అడ్డుపడి, చల్లబరచాల్సిన పరికరాన్ని దుప్పటిలా కప్పేస్తుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడితే ఆ బాధ ఉండదు. ఇంకో సంగతి: ఫోక్స్‌వ్యాగన్ టీఎస్‌ఐ ఇంజన్లలో చాలావాటికి ఇంటర్‌కూలర్ ఇంజన్ గాలి గొట్టంలోనే ఒదిగి, నీటితో చల్లబడుతుంది. అలాంటి బండిలో దాని మీద జల్లు కొట్టే దారి లేదు. ముందున్న దాని చిన్న రేడియేటర్‌ను ఎంచుకోవాలి.

ఈ జల్లుతో ఎవరి కారూ రాత్రికి రాత్రి రేసు కారైపోదు. కానీ దీన్ని సొంత చేతులతో బిగించుకున్నవాడు వేడీ ఒత్తిడీ తేమా కలిసి ఎలా నడుస్తాయో పుస్తకం చూడకుండా చెప్పగలుగుతాడు. ఎన్ని నీళ్ళు పోశామన్నది కాదు, ఎంత సన్నగా, ఏ క్షణాన చల్లామన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. కంపెనీ ఇచ్చిన బటన్ కన్నా ఇంట్లో చేసుకున్నవాడి స్విచ్‌లు మెరుగైనవి అనడానికి కారణం ఇదే. చేయాలనుకునేవాళ్ళు పంపు కొనేముందు ఒక చవక థర్మామీటర్ కొని, ఇంటర్‌కూలర్‌కు ముందు, తరవాత గాలి ఎంత వేడిగా ఉందో రాసుకోవాలి. అంకె తెలిస్తేనే నీళ్ళు అవసరమా కాదా అన్నది తెలుస్తుంది. చల్లాక తేడా వచ్చిందా లేదా అన్నదీ ఆ అంకే చెబుతుంది.