క్యాన్సర్ చికిత్స: ప్లాటినం అంటే నగలే కాదు.. క్యాన్సర్ మందు కూడా! ఇదెలా పనిచేస్తుందంటే..

ప్లాటినం అనగానే ఖరీదైన ఉంగరాలు, గొలుసులే గుర్తొస్తాయి. కానీ ఇదే లోహంతో తయారైన మందు సెలైన్‌లో కలిసి క్యాన్సర్ రోగుల రక్తంలోకి వెళ్తోందని చాలామందికి తెలియదు. దాని పేరు సిస్‌ప్లాటిన్. మధ్యలో ఒక ప్లాటినం పరమాణువు, దాని చుట్టూ రెండు క్లోరిన్‌లు, రెండు అమ్మోనియాలు. ఇలాంటి నిర్మాణాన్నే మెటల్ కాంప్లెక్స్ అంటారు.

అనుకోకుండా దొరికింది!

ఈ పదార్థం 1840ల నుంచే తెలుసు. మందుగా పనికొస్తుందని మాత్రం ఎవరూ ఊహించలేదు. అమెరికాలోని మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త బార్నెట్ రోసెన్‌బర్గ్ బ్యాక్టీరియాపై కరెంట్ ప్రభావాన్ని పరీక్షించారు. బ్యాక్టీరియా విడిపోవడం మానేసి దారాల్లా పొడవుగా సాగిపోయింది. కారణం కరెంట్ కాదు.. ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం అని తేలింది. 1965లో ఈ విషయం బయటపెట్టారు. 1978లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

లోపల జరిగేది ఇదీ..

రక్తంలో ఉప్పు తాలూకు క్లోరైడ్ ఎక్కువ. అందుకే అక్కడ మందులోని క్లోరిన్‌లు తేలిగ్గా ఊడిపోవు. కణంలో క్లోరైడ్ చాలా తక్కువ. లోపలికి వెళ్లగానే క్లోరిన్‌లు ఊడి, ఆ చోట నీటి అణువులు చేరతాయి. ఇక ప్లాటినం నేరుగా డీఎన్‌ఏలోని గ్వానిన్ భాగాలను పట్టుకుంటుంది. పక్కపక్కనే ఉన్న రెండింటిని కలిపి కట్టేయడంతో డీఎన్‌ఏ వంగిపోతుంది. కణం దాన్ని కాపీ చేసుకోలేదు. రిపేర్ కుదరకపోతే చనిపోతుంది.

మరి సైడ్ ఎఫెక్ట్స్ ఎందుకు?

అసలు చిక్కు ఇక్కడే. ఏది క్యాన్సర్ కణమో ప్లాటినానికి తెలియదు. దానికి డీఎన్‌ఏ ఒక్కటే కాదు, ప్రొటీన్లలోని సల్ఫర్ అన్నా బాగా ఇష్టం. ఇంజెక్షన్ ఇచ్చిన కొన్ని గంటల్లోనే రక్తంలోని ప్లాటినంలో ఎక్కువ భాగం ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లకు అతుక్కుంటుంది. అలా అతుక్కున్నది క్యాన్సర్‌పై దాదాపు పనిచేయదు. కిడ్నీల్లో చేరిన మందు అక్కడి కణాలను దెబ్బతీస్తుంది. వాంతులు, వినికిడి తగ్గడం, చేతులు కాళ్లలో తిమ్మిర్లు కూడా రావొచ్చు. కిడ్నీలను కాపాడేందుకే ఈ మందుతో పాటు సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తారు. చెవిలో హోరు మొదలైతే 'మామూలే' అని వదిలేయకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

ఇంత ఇబ్బంది ఉన్నా ఎందుకు వాడుతున్నారంటే.. ఫలితం అలాంటిది. వృషణాల క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినా, సిస్‌ప్లాటిన్‌తో కూడిన చికిత్సతో ఎక్కువ మంది పూర్తిగా కోలుకుంటున్నారు. అండాశయం, ఊపిరితిత్తులు, తల-మెడ క్యాన్సర్లలోనూ వాడతారు.

తర్వాత ఏంటి?

కిడ్నీలపై భారం తగ్గించేలా కార్బోప్లాటిన్, పెద్దపేగు క్యాన్సర్‌కు ఆక్సాలిప్లాటిన్ వచ్చాయి. ఇప్పుడు కొందరు శాస్త్రవేత్తలు ప్రొటీన్లనే టార్గెట్ చేస్తున్నారు. కీళ్లవాతానికి వాడిన బంగారపు మందు ఆరనోఫిన్, థయోరెడాక్సిన్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దీన్ని క్యాన్సర్‌పై పరీక్షిస్తున్నారు. రుథేనియం కాంప్లెక్స్‌లు కూడా మనుషులపై ట్రయల్స్ వరకు వెళ్లాయి. ల్యాబ్‌లో డీఎన్‌ఏకు అతుక్కున్న ప్రతి లోహమూ మందు కాదు. ఎక్కడ అతుక్కోవాలి, ఎక్కడ అతుక్కోకూడదు అన్నదే అసలు పరీక్ష.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో క్యాన్సర్ వైద్య నిపుణుల సలహానే పాటించాలి.