సంస్థల దానాలపై తప్పుడు సందేశాలు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

2021 అక్టోబరు మొదట్లో దేశమంతటా సెల్‌ఫోన్లలో ఒక సందేశం తిరిగింది. టాటా గ్రూపు తన 150వ వార్షికోత్సవం జరుపుకుంటున్నదనీ, లింకు నొక్కి కొన్ని ప్రశ్నలకు జవాబులిచ్చి, సందేశాన్ని మరికొందరికి పంపినవారు కారు గెలుచుకోవచ్చనీ దాని సారాంశం. అది తమది కాదనీ, ఆ లింకు నొక్కవద్దనీ, ఎవరికీ పంపవద్దనీ టాటా గ్రూపు ప్రకటించింది. అయితే చరిత్ర విద్యార్థులైన మీరు ఆ ప్రకటన కోసం ఆగవలసిన అవసరం లేదు. జంషెడ్జీ టాటా బొంబాయిలో వ్యాపార సంస్థను నెలకొల్పినది 1868లో. దానికి 150 కలిపితే 2018 వస్తుంది. మూడేళ్ళ కిందటే దాటిపోయిన వార్షికోత్సవానికి 2021లో కార్లు పంచేవారెవరు? ఒక్క కూడికతో ఆ సందేశం నిలవకుండా పోయింది.

ఆధారాల విమర్శ గురించి చదివేటప్పుడు, అది శాసనాలకూ తాళపత్రాలకూ సంబంధించిన విషయమనీ, పరీక్ష అయ్యాక దానితో పని ఉండదనీ చాలామంది అనుకుంటారు. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల ముందు నిలబడి ఫోను చూసుకునే విద్యార్థికి రోజూ ఆ పని పడుతూనే ఉంటుంది. ఒక సంస్థను తిట్టే సందేశం వస్తే మనం కాస్త అనుమానిస్తాం. ఒక సంస్థ గొప్ప దానం చేసిందని చెప్పే సందేశాన్ని మాత్రం అనుమానించడమే తప్పన్నట్లు వెంటనే ఇతరులకు పంపుతాం. మంచి మాట చెబితే నష్టమేమిటి అన్నది సాధారణ వాదన. నష్టం ఉంది. అది ఎవరికి, ఎలా అన్నదే ఈ పాఠ్యాంశం.

దానానికి సాక్ష్యం అడగడం కొత్త కాదు

సింహాచలం ఆలయంలో క్రీ.శ. 11వ శతాబ్ది చివరి నుండి వేసిన శాసనాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం దాన శాసనాలే. ఏ రాజు ఏలుబడిలో, ఏ శక సంవత్సరంలో, ఏ తిథినాడు, ఎవరు, ఏ కైంకర్యానికి, ఏమి ఇచ్చారో వాటిలో కనిపిస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భంగా సింహాచలం వచ్చి కానుకలు సమర్పించినప్పుడు కూడా ఆ వివరాలు రాతిపైనే చెక్కించాడు. చక్రవర్తి మాటకే రాతి సాక్ష్యం అవసరమైంది. మన పూర్వులు దానాన్ని తక్కువగా చూసి సాక్ష్యం అడగలేదు. దానం వెంట భూమి, ఆదాయం, హక్కు చేతులు మారతాయి కాబట్టి అడిగారు.

అందువల్లనే దొంగ దానపత్రాలూ పుట్టాయి. ఉత్తరప్రదేశ్‌లోని మధుబన్‌లో దొరికిన హర్షవర్ధనుని తామ్రశాసనం ప్రకారం, సోమకుండక అనే గ్రామాన్ని వామరథ్యుడనే బ్రాహ్మణుడు కూటశాసనం చూపించి అనుభవిస్తున్నాడు. హర్షుడు ఆ రాగిరేకును పగులగొట్టించి, గ్రామాన్ని వేరేవారికి ఇచ్చాడు. ఏడవ శతాబ్దిలోనే ‘కూటశాసనం’ అనే మాట ఉన్నదంటే, అలాంటివి తరచుగా ఎదురయ్యేవని ఊహించవచ్చు.

ఐరోపాలో దీనికి పేరుపడ్డ ఉదాహరణ కాన్‌స్టంటైన్ దానపత్రం. నాలుగవ శతాబ్దికి చెందిన ఆ రోమన్ చక్రవర్తి రోమ్ నగరం మీదా, సామ్రాజ్యపు పశ్చిమ భాగం మీదా అధికారాన్ని పోపు సిల్వెస్టర్‌కు దానంగా ఇచ్చాడని ఆ పత్రం చెబుతుంది. 1440లో లోరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు దానిలోని లాటిన్ భాషను పరీక్షించి, ఆ కాలపు రోమన్ అధికారులకు లేని ‘శాట్రప్’ వంటి బిరుదులు అందులో ఉన్నాయని ఎత్తిచూపాడు. అది ఎనిమిదవ శతాబ్దిలో పుట్టినదని పరిశోధకులు భావిస్తారు. ఒక చిన్న విషయం గమనించండి. వల్లా అప్పుడు ఆరగాన్ రాజు అల్ఫోన్సో కొలువులో ఉన్నాడు, ఆ రాజుకు పోపుతో తగవు ఉంది. విమర్శకుడికీ ఒక పక్షం ఉండవచ్చు. అతని వాదన నిలిచింది పక్షం వల్ల కాదు, చూపిన ఆధారం వల్ల.

శాట్రప్ అనే మాట దగ్గర వల్లా ఆగినట్లే, 150వ వార్షికోత్సవం అన్నచోట మనం ఆగాం. పత్రం తన గురించి తాను చెప్పుకునే సంగతులను ఇలా పరీక్షించడాన్నే అంతర విమర్శ అంటారు.

ఉత్తరం నుండి ఫోను దాకా

మీ ఇళ్ళలో పెద్దవారిని అడిగితే కార్డుముక్కల సంగతి చెబుతారు. దేవుడి పేరుతో ఒక పోస్టుకార్డు వచ్చేది. దాన్ని ఇంతమందికి రాసి పంపితే శుభం, పంపకపోతే కీడు అని అందులో ఉండేది. తిరుమలలో సర్పం ప్రత్యక్షమై అర్చకునితో మాట్లాడిందని చెప్పే కరపత్రాలూ అదే కోవకు చెందినవి. వెయ్యి కరపత్రాలు అచ్చు వేయించినవాడికి లాటరీ తగిలిందనీ, చింపివేసినవాడు నష్టపోయాడనీ వాటిలో రాసేవారు. దాన శాసనాల చివర కూడా శాపవాక్యం ఉంటుంది. ఇచ్చిన భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు పురుగై పుడతాడని. శాసనంలోని శాపం దానాన్ని కాపాడటానికి పుట్టింది. గొలుసు ఉత్తరంలోని శాపం ఉత్తరాన్ని కాపాడుకోవడానికి పుట్టింది, అంతే.

ఈమెయిలు రాగానే శాపం స్థానంలో దానం వచ్చి కూర్చుంది. 1997లో బిల్ గేట్స్ పేరిట తిరిగిన ఒక ఈమెయిలు, ఉత్తరాల జాడ కనిపెట్టే ఒక ప్రోగ్రామును పరీక్షిస్తున్నామనీ, ఇది వెయ్యి మందికి చేరితే పంపినవారికి వెయ్యి డాలర్లిస్తామనీ చెప్పింది. అదే ఏడాది, ఒక జబ్బుపడిన చిన్నారి కోసం ప్రతి ఫార్వార్డుకూ మూడు సెంట్లు దానంగా వస్తాయని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పేరు వాడుకున్న ఉత్తరం ప్రపంచమంతా తిరిగింది. ఆ సొసైటీ తనకు సంబంధం లేదని ప్రకటించవలసి వచ్చింది. ‘ఈ ఫొటో షేర్ చేస్తే పాపకు రూపాయి వస్తుంది’ అని తెలుగులో మనం చూసేవి దాని మనుమలు. వాట్సాప్‌లో 2016 నుండి సందేశాలు పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప కంపెనీకి కూడా కనిపించని పద్ధతి అమలులో ఉంది. తనకే కనిపించని సందేశంలో ఏ పాప ఫొటో ఉందో తెలుసుకుని కంపెనీ రూపాయిలెలా లెక్కకడుతుంది?

పేరు ఒకరిది, సొమ్ము ఒకరిది

టాటాల దాతృత్వం కల్పన కాదు, చరిత్ర. ఉన్నత విద్యకు విదేశాలకు వెళ్ళేవారి కోసం జె.ఎన్. టాటా 1892లో నిధి ఏర్పాటు చేశారు. 2020 మార్చి 28న కరోనా సహాయానికి టాటా ట్రస్టులు 500 కోట్లు, టాటా సన్స్ 1000 కోట్ల రూపాయలు ప్రకటించాయి. ఇంత నిజం ఉన్నచోటనే కల్పనలు ఎక్కువ మొలుస్తాయి. ఆ తర్వాత రెండు వారాలకే, ఆర్థిక వ్యవస్థ గురించి రతన్ టాటా చెప్పినట్లుగా ఒక ఉద్బోధ తిరిగింది. తాను అది అనలేదు, రాయలేదు అని ఆయనే తెలిపారు. 2023 ప్రపంచ కప్ సమయంలో ఆఫ్ఘన్ క్రికెటర్ రషీద్ ఖాన్‌కు ఆయన పది కోట్లు ఇస్తున్నారన్నారు. తనకు క్రికెట్‌తో సంబంధమే లేదని ఆయన మళ్ళీ వివరణ ఇవ్వవలసి వచ్చింది.

‘టాటాలు తమ ఆదాయంలో 66 శాతం దానం చేస్తారు’ అన్నది వీటన్నిటికన్నా గట్టిది, ఎందుకంటే అందులోని అంకె నిజం. టాటా సన్స్ అనే మాతృసంస్థ వాటాల్లో సుమారు 66 శాతం టాటా ట్రస్టుల చేతిలో ఉన్నాయి. అంటే ఏమిటి? ఒక టాటా కంపెనీకి లాభం వస్తే, కొంత వ్యాపారంలోనే ఉంచుకుంటుంది. మిగిలినది డివిడెండుగా వాటాదారులందరికీ పంచుతుంది. వారిలో టాటా సన్స్ ఒకటి. టాటా సన్స్ తనకు వచ్చినదానిలో ఎంత డివిడెండు ప్రకటిస్తే, అందులో 66 శాతం ట్రస్టులకు చేరుతుంది. వాటా శాతం వేరు, ఆదాయ శాతం వేరు. ఈ తేడా తెలియకుండా వందసార్లు పంపినా ఆ వాక్యం నిజం కాదు.

మన ఊరి ఉదాహరణ ఒకటి చూద్దాం. విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ సెంటర్‌లో భాగం. ‘టాటా’ అనే పేరు చూసి, అది కంపెనీ దానంతో నడుస్తున్నదని ఎవరైనా పొరబడవచ్చు. బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిని 1941లో సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు స్థాపించిన మాట నిజమే. 1957లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని తీసుకుంది, 1962లో అణుశక్తి శాఖకు అప్పగించింది. అంటే అగనంపూడిలో ప్రధానంగా ఖర్చవుతున్నది పన్నులు కట్టినవారి సొమ్ము. ఇక్కడి రోగి ఒక కంపెనీ దయకు పాత్రుడు కాడు, ప్రభుత్వ సంస్థను ప్రశ్నించగల పౌరుడు. దాత పేరు మారితే అడిగే హక్కే మారిపోతుంది.

ఈ తేడా 2020 మే 7 తర్వాత మనకు మరింత తెలిసివచ్చింది. ఆనాటి తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించినది రాష్ట్ర ప్రభుత్వం. మరునాడు 50 కోట్ల రూపాయలు ముందస్తుగా జమచేయమని కంపెనీని ఆదేశించినది జాతీయ హరిత ట్రిబ్యునల్. మొదటిది ప్రజాధనం, రెండవది చట్టం విధించిన బాధ్యత. ఈ రెండింటిలో దేన్నీ కంపెనీ ‘దానం’ అని రాయడానికి వీలులేదు. రేపు ఎవరైనా విద్యార్థి స్థానిక చరిత్ర రాస్తూ ‘కంపెనీ కోటి ఇచ్చింది’ అని రాస్తే, ఒక్క క్రియాపదంతో బాధ్యత కాస్తా ఔదార్యమై కూర్చుంటుంది.

నష్టపోయేది ఎవరు?

చెన్నైలోని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ‘ఇమిటినెఫ్ మెర్సిలెట్’ అనే మందు ఉచితంగా ఇస్తున్నారనీ, అది రక్త క్యాన్సర్‌ను నయం చేస్తుందనీ ఏళ్ళ తరబడి ఒక సందేశం మన రాష్ట్రాల్లోనూ తిరిగింది. ఆ పేరుతో మందే లేదు. అసలు పేరు ఇమాటినిబ్ మెసిలేట్. లేఖకుల చేతి తప్పులు ఒక ప్రతి నుండి మరో ప్రతికి పాకినట్లే ఈ తప్పు పాకింది. ప్రతి సందేశంలోనూ అదే తప్పు ఉండటం, పంపినవారెవరూ సరిచూడలేదని చెబుతుంది. ఆ మందు ప్రధానంగా దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే ఒక రకానికి బాగా పనిచేస్తుంది, అన్ని రక్త క్యాన్సర్లకూ కాదు. ఇన్‌స్టిట్యూట్ వివరణ ఇచ్చినా సందేశం ఆగలేదు. బిడ్డకు వేరే రకం ల్యుకేమియా ఉన్న తల్లిదండ్రులు ఈ మాట నమ్మి, సొంత ఊళ్ళో జరుగుతున్న చికిత్స మాని చెన్నై రైలెక్కితే, పోయేది టికెట్టు డబ్బు మాత్రమే కాదు.

ఆ మందు కథలో నిజమైన కంపెనీ దానం కూడా ఉంది. దాన్ని ‘గ్లివెక్’ పేరుతో అమ్మిన నోవార్టిస్ కంపెనీ, వైద్యుల ద్వారా నమోదైన అర్హులకు ఉచితంగా ఇచ్చే పథకాన్ని నడిపింది. అదే కంపెనీ ఆ మందు కొత్త రూపానికి మన దేశంలో పేటెంటు కోరింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. అప్పటికి గ్లివెక్ ఖర్చు నెలకు లక్ష రూపాయలకు పైగా ఉండగా, దేశీయ కంపెనీల మందు పదివేల లోపు దొరికేదని పత్రికలు రాశాయి. ఉచిత పథకం, కోర్టు వ్యాజ్యం రెండూ చరిత్రే. గొలుసు సందేశంలో ఈ రెండింటికీ చోటు లేదు.

విందుల్లో మిగిలిన అన్నం తీసుకుపోవడానికి 1098కి ఫోను చేయమన్న సందేశం మీకు తప్పక వచ్చి ఉంటుంది. అది ఆపదలో ఉన్న పిల్లల కోసం 1996లో బొంబాయిలో మొదలైన చైల్డ్‌లైన్ నంబరు. కల్యాణ మండపం నుండి పులిహోర కబురు వెళుతున్నంతసేపు, దెబ్బలు తింటున్న ఒక పిల్లవాడి ఫోను కలవకపోవచ్చు.

లెక్క ఎక్కడ ఉంటుంది?

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు, లేదా అంతకు మించి ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ వివరాలు డైరెక్టర్ల నివేదికతో పాటు ప్రకటించాలి. 2021 నుండి, ఖర్చు కాని మొత్తాన్ని నిర్ణీత నిధికి లేదా ప్రత్యేక ఖాతాకు బదిలీ చేయడం కూడా తప్పనిసరి అయింది. సింహాచలం గోడ చేసిన పనిని ఇప్పుడు వార్షిక నివేదిక చేస్తోంది. అదే మన ప్రాథమిక ఆధారం. కంపెనీ తన గురించి తాను రాసుకున్నది గనుక దాన్నీ విమర్శతోనే చదవాలి. ఖర్చయిందన్న పాఠశాలకు వెళ్ళి చూడటం బాహ్య ఆధారం.

అభ్యాసం

మీ ఫోనులో ఉన్న, ఒక సంస్థ దానాన్ని పొగిడే సందేశాన్ని తీసుకుని నోటుపుస్తకంలో యథాతథంగా, అక్షర దోషాలతో సహా రాయండి. దాత ఎవరు, గ్రహీత ఎవరు, మొత్తం ఎంత, ఏ తేదీ అన్నవి అందులో ఉన్నాయో లేవో గుర్తించండి. తేదీ లేకపోతే అదే మీ మొదటి పరిశీలన. తేదీ ఉంటే ఆ సంవత్సరపు వార్షిక నివేదికను కంపెనీ వెబ్‌సైటులో చూడండి. ఆ వారపు దినపత్రికలు ఎక్కడ దొరుకుతాయో ద్వారకా నగర్ పబ్లిక్ లైబ్రరీలో విచారించి మొదలుపెట్టండి. మీరు కనుగొన్నది ఒక పేజీకి మించకుండా రాయండి. ఆధారం దొరకనంత మాత్రాన ‘అబద్ధం’ అని రాయకండి, ‘రుజువు కాలేదు’ అని రాయండి. ‘అబద్ధం’ అని రాయాలంటే దానికీ ఒక ఆధారం చూపాలి.