సాగర్ పవన్ విమాన ప్రమాదం (2010)

సాగర్ పవన్ విమాన ప్రమాదం 2010 మార్చి 3న హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం సమీపంలో జరిగింది. భారత నౌకాదళానికి చెందిన కిరణ్ మార్క్ 2 శిక్షణ విమానం న్యూ బోయిన్‌పల్లిలో ఒక భవనంపై కూలిపోయింది. అందులోని పైలట్లు కమాండర్ ఎస్.కె.మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ఇద్దరూ మరణించారు. నేలపై ఉన్నవారిలో కొందరు గాయపడ్డారు.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమయ్యాక ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి తరలిపోయాయి. ఖాళీ అయిన బేగంపేటలో ఇండియా ఏవియేషన్ ప్రదర్శన నిర్వహించారు. అయితే అప్పటికే ఆ విమానాశ్రయం చుట్టూ నగరం దట్టంగా విస్తరించి ఉంది. విన్యాసాలలో పొరపాటు జరిగితే విమానం ఇళ్ళపై పడే ప్రమాదం ఉండేది.

సాగర్ పవన్ 2003లో గోవా కేంద్రంగా ఏర్పడిన విన్యాసాల బృందం. 2010 ప్రదర్శన తొలిరోజున ఈ బృందపు నాలుగు విమానాలు విన్యాసాలు చేస్తుండగా, కిందికి దూకిన ఒక విమానం తిరిగి పైకి లేవలేదు. అంత తక్కువ ఎత్తులో పొరపాటును సరిదిద్దుకోవటానికి కొన్ని క్షణాలు మాత్రమే ఉంటాయి.

కిరణ్ విమానాన్ని బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ రూపొందించింది. ఇది 1964లో తొలిసారి ఎగిరింది. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చొనే ఈ విమానంపై రెండు తరాల పైలట్లు శిక్షణ పొందారు. వాయుసేనకు చెందిన సూర్యకిరణ్ బృందం కూడా ఇదే రకం విమానాలను వాడేది. ఆ బృందపు విమానమొకటి 2006 మార్చిలో బీదరు వద్ద కూలి ఇద్దరు పైలట్లు మరణించారు.

బోయిన్‌పల్లి ప్రమాదంతో సాగర్ పవన్ ప్రదర్శనలు ఆగిపోయాయి. విమానయాన ప్రదర్శన మాత్రం ఆ తరువాత కూడా బేగంపేటలోనే జరుగుతూ వచ్చింది.